నడుమా, తుంటా? అండమాన్ తెలుగువారికి ఎముకల మాటలతో వచ్చిన చిక్కు

శ్రీవిజయపురం: స్నానాల గదిలో జారిపడిన డెబ్బయ్యేళ్ల వృద్ధురాలు లేవలేక ‘నడుం ఇరిగిపోయిందిరా నాయనా’ అంటుంది. దీవుల్లోనే పుట్టి పెరిగిన మనవడు ఆ మాటను ఆసుపత్రిలో హిందీలోకి మార్చి ‘కమర్’ అని చెబుతాడు. చీటీ మీద అది ఆంగ్లంలో నడుము నొప్పిగా నమోదవుతుంది. వెన్నుకు ఎక్స్‌రే తీస్తే అందులో వయసుతో వచ్చిన అరుగుదల తప్ప మరేమీ కనిపించదు. ఆమెకు నిజంగా విరిగినది తుంటి కీలులో ఇమిడి ఉండే తొడ ఎముక మెడభాగం.

ఇది ఫలానా ఆసుపత్రిలో జరిగిన సంఘటన కాదు, ఊహించి చెప్పిన ఉదాహరణ మాత్రమే. కానీ రోగి నోటి మాట రెండు మూడు భాషలు దాటి వైద్యుని చెవికి చేరే ప్రతిచోటా ఇటువంటి పొరపాటుకు అవకాశం ఉంటుంది. తుంటి పూర్తిగా విరిగినప్పుడు ఆ కాలు పొట్టిదైనట్లు, పాదం బయటివైపు తిరిగినట్లు కనిపిస్తుంది గనుక వైద్యుడు చూపుతోనే పసిగట్టగలడు. ఎముక విరిగి ఒకదానిలో ఒకటి దిగబడిపోయిన సందర్భాలలో మాత్రం ఆ గుర్తులు కనిపించకపోవచ్చు. రోగి నాలుగడుగులు వేయనూవచ్చు. అప్పుడు వైద్యునికి దారి చూపేది రోగి చెప్పే మాటే.

దీవుల్లో ఎనిమిదిమందిలో ఒకరు

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు. మాతృభాషల లెక్కలో బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుది. ప్రతి వందమందిలో దాదాపు 13 మంది, అంటే సుమారు 50 వేల మంది తెలుగువారు. వీరిలో అధికులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకు, కూలి పనులకు, చిన్న వ్యాపారాలకు తరలివచ్చిన కుటుంబాలవారు. రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మారింది. అక్కడి జంగ్లీఘాట్ వంటి పేటల్లో ఉత్తరాంధ్ర యాస నేటికీ వినిపిస్తుంది. ఆ పేట దాటి బయట అడుగుపెడితే బజారులోనైనా, పడవలోనైనా, ఆసుపత్రిలోనైనా అందరినీ కలిపే భాష హిందీయే.

దీవుల్లో ప్రధాన ప్రభుత్వ వైద్యాలయం గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి. 2015లో ప్రారంభమైన వైద్య కళాశాలకు అదే బోధనాసుపత్రి. దానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి, ఉత్తరాన మాయాబందర్‌లో మరొక ఆసుపత్రి సేవలందిస్తున్నాయి. అత్యవసర స్థితిలో రోగులను దీవి నుంచి దీవికి హెలికాప్టరులో తరలించే ఏర్పాటు ఉంది. ఇంకా పెద్ద వైద్యం కావలసినవారు చెన్నై, కోల్‌కతా, విశాఖ వంటి నగరాలకు వెళ్లవలసి ఉంటుంది. విశాఖ రేవుకూ ఈ దీవులకూ మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం ఉంది. ఓడ ప్రయాణానికి రెండు రోజులకు పైగా పడుతుంది. హైదరాబాదులోనో, విజయవాడలోనో మాట తప్పుగా అర్థమైతే మర్నాడు మళ్లీ వెళ్లి సరిదిద్దుకోవచ్చు. దీవుల్లో ఆ పొరపాటు ఖరీదు ఒక ఓడ ప్రయాణం కావచ్చు.

మూడు అంతస్తుల పదజాలం

ఎముకల విషయంలో తెలుగుకు పదాల కొరత లేదు. ఒకదానితో ఒకటి పలకరించుకోని మూడు పదజాలాలు పక్కపక్కన ఉండటమే అసలు చిక్కు.

మొదటిది ఇంటి మాట. పుర్రె, దవడ, వెన్నుపూస, ప్రక్కటెముక, డొక్క, జబ్బ, మోచేయి, మణికట్టు, మెటిక, కణుపు, తుంటి, మోకాటి చిప్ప, పిక్క, చీలమండ, మడమ. ఎముక లోపలి మెత్తని పదార్థానికి మూలుగ అని చక్కని పేరుంది. భుజం కీలు తప్పితే ‘గూడ జారింది’ అంటారు. పిల్లవాడి కాళ్లు బయటికి వంగి విల్లులా ఉంటే దొడ్డికాళ్లు, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతుంటే ముట్టికాళ్లు. వైద్యులు రెండు వేర్వేరు లాటిన్ పేర్లతో గుర్తించే ఈ వైకల్యాలకు పల్లె తెలుగులో కూడా రెండు వేర్వేరు పేర్లు ఉన్నాయన్నది గమనించదగినది.

రెండవది పాఠ్యపుస్తకాల మాట. భుజాస్థి, రత్ని, అరత్ని, అంసఫలకం, జత్రుక, ఉరోస్థి, పర్శుకలు, అంతర్జంఘిక, బహిర్జంఘిక. సంస్కృతం ఆధారంగా కూర్చిన ఈ పేర్లు తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివినవారికి పరీక్షల వరకు తోడుంటాయి. ఆ తరువాత అవి దాదాపు ఎక్కడా ఎదురుకావు. మోచేతి కింద రెండు ఎముకలుంటాయని తెలిసిన రోగులు చాలామందే ఉంటారు. వాటిలో బొటనవేలి వైపుది రత్ని అని, చిటికెనవేలి వైపుది అరత్ని అని చెప్పే వైద్యుడు కనిపించడం అరుదు.

మూడవది ఆసుపత్రి మాట. ఫీమర్, టిబియా, ఫ్రాక్చర్, డిస్‌లొకేషన్, స్పాండిలోసిస్, ఆర్థ్రైటిస్. దేశమంతటా వైద్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది, నివేదికల్లో రాసేది ఇదే. ప్రపంచమంతా ఒకే పేరుతో పిలవాలన్న పట్టుదలతో 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో శరీర నిర్మాణ శాస్త్రవేత్తలు లాటిన్ పేర్ల పట్టికను ఆమోదించారు. దానిని పలుమార్లు సవరించగా 1998లో మరో అంతర్జాతీయ పట్టిక వెలువడింది.

ఈ లాటిన్ పేర్లను గంభీరమైన శాస్త్రపదాలుగా భావించి భయపడనవసరం లేదు. అవి పుట్టినచోట అవీ ఇంటి మాటలే. టిబియా అంటే పిల్లనగ్రోవి. ఫిబ్యులా అంటే ఉత్తరీయం జారకుండా గుచ్చే పిన్ను. క్లావికల్ అంటే చిన్న తాళంచెవి. వెన్ను చివరనుండే కాక్సిక్స్ కు ఆ పేరు కోకిల ముక్కును పోలి ఉన్నందున గ్రీకుల కాలంలో వచ్చింది. పటెల్లా అంటే చిన్న పళ్లెం. మోకాలి ముందున్న ఆ ఎముకను చూసి రోమనులకు పళ్లెం తోస్తే, కొబ్బరి తోటల మధ్య పెరిగిన తెలుగువారికి చిప్ప తోచింది. పోలిక ఒక్కటే. ‘మోకాటి చిప్ప’ అని చెప్పిన రోగి శాస్త్రానికి ఏమీ తక్కువ చెప్పినట్లు కాదు.

తెలుగు పాఠ్యపుస్తకాలలో నిజంగా నెగ్గిన పదాలు కూడా ఇటువంటివే. కీళ్ల రకాలకు పెట్టిన పేర్లు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. తుంటిలో, భుజంలో ఉండేది బంతిగిన్నె కీలు. మోకాలిలో, మోచేతిలో ఉండేది తలుపుకు ఉన్నట్టి మడతబందు కీలు. తల అటూ ఇటూ తిరగడానికి మెడలో ఉన్నది బొంగరపు కీలు. వెన్నుపూసల మధ్య జారెడు కీలు. ఈ నాలుగు పేర్లు విన్న పిల్లవాడికి బొమ్మ అవసరం లేదు. అంతర్జంఘికను కూర్చిన పండితులు ‘పిల్లనగ్రోవి ఎముక’ అని ధైర్యంగా పెట్టి ఉంటే అది ఇంత త్వరగా మరుగున పడేది కాదేమో.

‘నడుము’ సరిహద్దు ఎక్కడ?

రోజువారీ తెలుగులో కాలు అంటే తొడ మొదలు నుంచి వేలి కొస వరకు. చేయి అన్నా అంతే. ‘కాలు విరిగింది’ అన్న మాటలో ముప్పై ఎముకలకు చోటుంది. నడుము సంగతి మరింత చిక్కు. కొందరికి అది వెన్ను కింది భాగం, కొందరికి మొలనూలు కట్టే చోటు, మరికొందరికి పిరుదుల దాకా. హిందీ ‘కమర్’, బెంగాలీ ‘కోమర్’ కూడా ఇదే అస్పష్టతను మోసుకొస్తాయి. తుంటికి హిందీలో ‘కూల్హా’ అని వేరే మాటున్నా, ఇంట్లో తెలుగు, బడిలో హిందీ నేర్చుకున్న పిల్లలకు ఆ రెంటినీ జతచేసి చూసే సందర్భమే రాదు.

తుంటి అన్న మాటకూ మెలిక లేకపోలేదు. నడుము నుంచి పిరుదు మీదుగా పిక్క దాకా తీగలాగా పాకే నొప్పిని పెద్దలు తుంటి నొప్పి అంటారు. దాని మూలం తుంటి కీలులో కాక, వెన్నుపూసల మధ్య నొక్కుకుపోయిన నాడిలో ఉంటుంది. ఇందుకు భిన్నంగా, నిజంగా తుంటి కీలు చెడినవారిలో కొందరికి నొప్పి మోకాలిలో తెలుస్తుంది. రెంటికీ కొన్ని నాడులు ఉమ్మడిగా ఉండటమే కారణం. మోకాలు నొప్పి అని వచ్చిన రోగి తుంటిని కూడా వైద్యులు కదిపి చూసేది అందుకే.

పొరుగు భాషలతో మరో ఇబ్బంది ఉంది. వినడానికి ఒకలా ఉండి అర్థం వేరైన మాటలు నోరు జారేలా చేస్తాయి. తెలుగులో కీలు రెండు ఎముకలు కలిసేచోటు. హిందీలో ‘కీల్’ అంటే మేకు. విరిగిన తొడ ఎముకలో లోహపు కడ్డీ దింపే శస్త్రచికిత్సను వైద్యులు కూడా మేకు అనే అర్థంలోనే పిలుస్తారు గనుక ‘కీలు మార్చాలి’, ‘కీల్ వేయాలి’ అన్న రెండు మాటలు ఒకే గదిలో వినిపిస్తే తికమక సహజం. తెలుగు జబ్బ భుజం కింది భాగం. హిందీ ‘జబ్డా’ దవడ.

క్రాక్, గుజ్జు, నరం

భాష మారడం వల్ల వచ్చే పొరపాట్లు కొన్నయితే, ఒకే భాషలో రోగి, వైద్యుడు ఒకే మాటకు వేర్వేరు అర్థాలు చెప్పుకోవడం వల్ల వచ్చేవి మరికొన్ని. వీటి నష్టమే ఎక్కువ.

‘ఫ్రాక్చర్ కాదులెండి, చిన్న క్రాకే’ అన్న మాట తెలుగు ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. వైద్యశాస్త్రంలో ఈ తేడా లేదు. ఎముక సన్నగా చిట్లినా, రెండుగా విరిగినా, పిండి అయినా అది ఫ్రాక్చరే. ఈ విషయంలో ప్రాచీన వైద్యం మాట చాలా నిక్కచ్చిగా ఉండేది. సుశ్రుత సంహిత ఎముక విరుగుళ్లను పన్నెండు రకాలుగా, కీళ్లు తప్పడాన్ని ఆరు రకాలుగా విభజించింది. అడ్డంగా కాక ఏటవాలుగా విరిగి గుర్రం చెవిలా కనిపించేది అశ్వకర్ణం, ముక్కలు ముక్కలైనది చూర్ణితం, పిల్లల్లో పచ్చికొమ్మలా వంగినది వక్రం, సన్నని పగుళ్లతో ఉన్నది స్ఫుటితం. ఈ చివరిదే నేటి ‘క్రాక్’. అదీ భగ్నమే అని ఆ గ్రంథం లెక్కించింది.

క్రాకే కదా అని నూనె పెట్టి మర్దన చేయించడం వల్ల జరిగే హాని చిన్నది కాదు. పిల్లల మోచేతి దగ్గర దెబ్బ తగిలినప్పుడు గట్టిగా మర్దన చేస్తే కండరంలో ఎముకలా గట్టిపడి చేయి మడత పడకుండా పోవచ్చు. బిగుతుగా కట్టు కడితే లోపలి ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోవచ్చు. కట్టు కట్టిన తరువాత నొప్పి తగ్గకపోగా పెరుగుతుంటే, వేళ్లు మొద్దుబారితే, నీలిరంగుకు లేదా పాలిపోయిన రంగుకు మారితే వెంటనే ఆ కట్టు విప్పించాలి. పిండికట్టుకైనా, చిత్తూరు వైపు పేరుపొందిన పుత్తూరు కట్టుకైనా, దీవిలో ఎవరో తెలిసినవారు కట్టినదానికైనా ఈ హెచ్చరిక ఒకటే.

‘మోకాళ్లలో గుజ్జు అయిపోయింది’ అన్నది మరొక మాట. ఎముకల కొసలను కప్పి ఉంచే మృదులాస్థి, అంటే నున్నని మెత్తటి ఎముక పొర, అరిగిపోవడాన్ని వైద్యులు ఇలా వివరిస్తుంటారు. గుజ్జు అనగానే రోగికి నూనెలాంటి ద్రవం గుర్తుకు వస్తుంది. అయిపోయిందంటే మళ్లీ నింపవచ్చు గదా అనిపిస్తుంది. కీలులో జిగురు ద్రవం కూడా ఉన్నమాట నిజమే గానీ అరిగేది ప్రధానంగా ఆ పొర. అరిగిన పొరను గుళికలతోనో పొడులతోనో తిరిగి పుట్టించవచ్చన్న ప్రచారానికి ఆధారం లేదు. బరువు తగ్గడం, తొడ కండరాలకు బలం కలిగించే వ్యాయామం, అవసరమైతే నొప్పి మందులు, చివరి దశలో కీలు మార్పిడి అన్న క్రమమే వైద్యం. గుజ్జు అన్న ముద్దు పేరు ఇంత వ్యాపారానికి తలుపు తీసింది.

ఈ అరుగుదలనూ, ఎముక గుల్లబారడాన్నీ ఒకటిగా భావించేవారు కోకొల్లలు. ఆంగ్లంలో రెండు పేర్లూ ‘ఆస్టియో’ అనే మొదలవుతాయి గనుక నివేదిక చూసినా తేడా తెలియదు. ఆస్టియో ఆర్థ్రైటిస్ కీలు జబ్బు. నడుస్తుంటే నొప్పి పెడుతుంది. ఆస్టియో పోరోసిస్ ఎముక జబ్బు. లోపల జల్లెడలా బోలుబోలుగా మారుతున్నా విరిగేదాకా నొప్పి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఖరారు చేసిన కొలమానం ప్రకారం, ఎముక సాంద్రత పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే గుల్లబారినట్లు. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే సాంద్రత తగ్గుతున్నట్లు. మొదట చెప్పిన వృద్ధురాలి వంటివారిలో నిలుచున్న ఎత్తు నుంచి పడినంతనే తుంటి విరగడానికి తరచూ ఈ జబ్బే కారణం. మోకాళ్ల నొప్పికి పదేళ్లు మందులు వాడిన మనిషి ‘ఎముకల జబ్బుకు చూపించుకుంటూనే ఉన్నాం’ అనుకుంటూ ఈ రెండో జబ్బును గమనించకుండానే ఉండిపోవచ్చు. తెలుగులో ‘అరుగుదల’, ‘గుల్లబారడం’ అన్న రెండు మాటలనూ విడివిడిగా వాడితే ఈ గందరగోళం తొలగిపోతుంది. వాడవలసినది వైద్యులే.

నరం గురించి ఎంత చెప్పినా తక్కువే. రక్తనాళం, నాడి, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు, ఈ మూడింటికీ మనం నరమనే అంటాం. హిందీ ‘నస్’ కూడా అంతే గనుక అనువాదంలోనూ చిక్కుముడి విడిపోదు. ‘నరం పట్టింది’ అన్నవారిలో కండరం బిగుసుకున్నవారే ఎక్కువ. అయితే నడుము నొప్పితో పాటు మూత్రం రాక బిగబట్టినట్లుండటం, మలమూత్రాలపై అదుపు తప్పడం, కూర్చునే భాగమంతా తిమ్మిరెక్కడం, కాళ్లు బలహీనపడటం జరిగితే వెన్నులోని నాడుల గుత్తి నొక్కుకుపోతున్నట్లు. ఇందులో గంటలు కూడా విలువైనవే. ‘నరం పట్టింది, పట్టీ వేస్తే పోతుంది’ అనుకుని తరువాతి ఓడకోసం ఎదురుచూడదగిన స్థితి కాదు.

‘డిస్క్ జారింది’ అన్న వాడుక ఆంగ్లం నుంచి వచ్చిన తప్పు. వెన్నుపూసల మధ్యనుండే మెత్తలు జారవు. వాటి చుట్టూ ఉన్న గట్టి వలయం బలహీనపడి లోపలి జిగురు పదార్థం బయటికి ఉబ్బుతుంది. జారిందన్న మాట వినగానే ఎవరో ఒకరు నొక్కి తిరిగి చోటుకు నెట్టగలరన్న ఆశ పుడుతుంది. ఎక్కువమందికి కొద్దివారాల్లో శస్త్రచికిత్స అవసరం లేకుండానే ఉపశమనం దొరుకుతుందన్న నిజం ఆ ఆశ వెనుక మరుగున పడుతుంది.

వాతం అన్న మాట చివరిగా. కీళ్ల నొప్పులన్నింటినీ దాని ఖాతాలో వేసే అలవాటు వల్ల రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతున్నాయి. వయసుతో వచ్చే అరుగుదల ఒకటి. శరీర రక్షణ వ్యవస్థే కీళ్లపై దాడిచేసే కీళ్లవాతం మరొకటి. ఇది యువతులకు కూడా రావచ్చు. ఉదయం లేవగానే చేతివేళ్ల కణుపులు గంటకు పైగా బిగుసుకుని ఉండటం దీని గుర్తుల్లో ముఖ్యమైనది. మొదటి నెలల్లోనే మందులు మొదలుపెడితే వేళ్లు వంకరపోకుండా ఆపవచ్చు. ఇక నెలల తరబడి తగ్గని వెన్నునొప్పితో పాటు సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది వెన్నెముక క్షయ కావచ్చు. దీనికి చికిత్స సాధారణంగా 12 నెలలు. ఆలస్యమైతే గూని, కాళ్లు చచ్చుబడటం. 1779లో ఆంగ్ల శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ వర్ణించినప్పటి నుంచి ఇది ఆయన పేరుతో ప్రసిద్ధం. ‘నడుము వాతం’ అన్న రెండు మాటల కింద ఇది ఏడాది దాగి ఉండగలదు.

ఊరి పేరు శాస్త్రంలోకి

ప్రజల భాషలోకి వైద్యపదం దిగిరావడానికి సంస్కృతీకరణ తప్పనిసరి కాదనడానికి తెలుగు నేలపైనే సాక్ష్యం ఉంది. తాగునీటిలోని ఫ్లోరైడు ఎముకలను గట్టిపరచి, కీళ్లను బిగించి, మనిషిని వంచివేసే జబ్బును మన దేశంలో తొలిసారి వైద్యలోకానికి తెలియజేసినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. తరువాత నల్గొండ ఆ జబ్బుకు మారుపేరైంది. 1970ల్లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అక్కడి యువతలో ముట్టికాళ్ల వైకల్యాన్ని నమోదు చేశారు. నీటి నుంచి ఫ్లోరైడును వేరుచేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించిన విధానం ‘నల్గొండ పద్ధతి’గా అంతర్జాతీయ గ్రంథాల్లోకి ఎక్కింది. ఫ్లోరోసిస్ అన్న విదేశీ పదమేమో మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో చదువురాని వృద్ధుల నోట కూడా తెలుగు మాటైపోయింది. అవసరం ఉన్నచోట జనం పదాన్ని ఎక్కడినుంచైనా తెచ్చుకుంటారు.

విద్యాసంస్థల అనుభవం కూడా ఇదే చెబుతుంది. హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యంతో సహా పై చదువులను ఉర్దూలో బోధించడానికి పెద్ద అనువాద సంస్థనే నడిపింది. కేంద్రంలో శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం 1961లో, ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు అకాడమి 1968లో ఏర్పడ్డాయి. 2022 అక్టోబరులో భోపాల్‌లో హిందీ వైద్యవిద్య పుస్తకాలు ఆవిష్కరించినప్పుడు అందులో ఎక్కువ పదాలను ఆంగ్లంలో ఉన్నట్టే నాగరిలిపిలో ఉంచారు. దానిని వెక్కిరించినవారున్నారు గానీ ఫీమర్‌ను ఫీమర్ అని రాసి, అది తొడ ఎముక అని పక్కనే వివరించడంలో తప్పేమీ లేదు. వైద్యునికి ఒక పేరు, రోగికి ఒక పేరు, మధ్య వంతెనగా ఒక వాక్యం. ఇన్నేళ్లుగా కొరవడినది ఆ వాక్యమే.

దేహమే వ్యాకరణం

ఈ చర్చకు అండమాన్ అడవులు జోడించగల ఆశ్చర్యం ఒకటుంది. గ్రేట్ అండమానీ భాషపై దశాబ్దకాలం పనిచేసి 2012లో నిఘంటువును, 2013లో వ్యాకరణాన్ని వెలువరించిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి, ఆ భాష నిర్మాణమంతా మానవదేహం మీదనే ఆధారపడి ఉందని నిరూపించారు. అందులో శరీరం ఏడు మండలాలుగా విడిపోతుంది: నోరు దాని పరిసరాలు, బయటి ప్రధానావయవాలు, వేళ్ల వంటి కొసలు, లోపలి అవయవాలు, కాళ్లు ఇలా. ప్రతి మండలానికీ ఒక చిన్న ధ్వని గుర్తుగా మాటకు ముందు చేరుతుంది. రక్తమన్న మాట కూడా వేలి నుంచి కారినదా, తల నుంచి కారినదా, లోపలే స్రవించినదా అన్నదానిని బట్టి వేర్వేరు గుర్తులను ధరిస్తుంది. ఆ భాషలో ‘ఎక్కడ?’ అని వైద్యుడు అడగనవసరం లేదు. చెప్పకుండా వాక్యం పూర్తికాదు.

ఆ భాషాకుటుంబంలోని బో భాష చివరి వక్త బోవా సీనియర్ 2010 జనవరిలో పోర్ట్‌బ్లెయిర్‌లో కన్నుమూశారు. మిగిలినవారు వేళ్ల మీద లెక్కించదగినవారే. దేహాన్ని అంత సూక్ష్మంగా పలికిన మాటలు పోతున్న దీవిలోనే, మరో మూల తెలుగు కుటుంబాల మూడో తరం చీలమండకూ మడమకూ తేడా మరచిపోతోంది.

చీటీ మీద ఏముంది?

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం, జబ్బు స్వభావం, కారణం, చికిత్స, ఖర్చు వంటి వివరాలను రోగికి తెలిసిన భాషలో, అతని స్థాయికి అర్థమయ్యేలా చెప్పించుకునే హక్కు ఉందని పేర్కొంది. శస్త్రచికిత్సకు ముందు రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్న సమ్మతే చెల్లుతుందని సర్వోన్నత న్యాయస్థానం కూడా 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. భాష తెలిసినవారిని పిలిపించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

అడగడంతో పాటు చూపించడం మేలు. నొప్పి ఉన్నచోట ఒకే వేలు ఆనించి చూపితే కమర్, కూల్హా తగవు అక్కడితో తీరుతుంది. నివేదికలో ఎల్4, ఎల్5 అని ఉంటే నడుములోని ఐదు పూసల్లో కింది రెండు అని అర్థం. మెడలో ఏడింటికి సి, ఛాతీ వెనుక పన్నెండింటికి టి లేదా డి అన్న అక్షరం వాడతారు. నిలువు గీతలపై అడ్డగీతలు కొట్టిన హ్యాష్ గుర్తు కనిపిస్తే అది ఎముక విరిగిందనడానికి వైద్యుల సంకేతం. ప్రధాన భూభాగానికి పంపేటప్పుడు పాత ఎక్స్‌రేలు, విరిగిన తేదీ, లోపల లోహపు పలక వేసి ఉంటే దాని వివరాలు వెంట లేకపోతే అక్కడ పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త కుడి ఎడమల గురించి. హిందీలో కుడికి ‘దాయాఁ’, ఎడమకు ‘బాయాఁ’. తెలుగు చెవికి ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. కంగారులో ఒకటి చెప్పబోయి మరొకటి చెప్పడం తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రవేశపెట్టిన శస్త్రచికిత్స భద్రతా పట్టికలో, మత్తు ఇవ్వకముందే రోగి పేరు, చేయబోయే శస్త్రచికిత్స, ఏ పక్క అన్నది రోగితోనే నిర్ధారించుకుని శరీరంపై గుర్తు పెట్టాలన్న అంశం ఉంది. ఆ క్షణంలో నర్సు అడిగే ప్రశ్నకు హిందీ మాట గుర్తుకు రాకపోతే ‘ఇదీ’ అని ఆ కాలి మీద చేయి వేసి చూపవచ్చు.